పేకముక్కలు దొరికితే సరిపోదు

'పేకాట స్థావరంపై దాడి, నగదు స్వాధీనం' అన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. బల్ల మీద పేర్చిన నోట్లు, పేకకట్టలు, వెనక తలలు వంచుకుని నిలబడ్డ మనుషులు. ఆ ఫొటో మేమూ వేస్తున్నాం. కానీ కోర్టులో కేసు నిలబడేది ఫొటోతో కాదు, ఆ రోజు ఆ గదిలో కూర్చుని, ఏం దొరికిందో సాక్షుల ముందు రాసిన పంచనామాతో.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ కేసులకు ఆధారం 1974 నాటి గేమింగ్ చట్టం. అది పోలీసులకు గొప్ప వెసులుబాటే ఇచ్చింది. సోదాలో పేకముక్కలో, పాచికలో, మరో జూద సామగ్రో దొరికితే చాలు, ఆ చోటు జూదగృహమేనని, అక్కడున్నవాళ్లు ఆడటానికే వచ్చారని కోర్టు భావించవచ్చు. ఆట నడుస్తుండగా ఎవరూ కళ్లారా చూడకపోయినా సరే. ఎన్నో పెద్ద నేరాల్లో పోలీసులకు ఇంత సౌలభ్యం లేదు. అయితే చట్టం చెప్పిన పద్ధతిలో, నమ్మదగిన సమాచారంతో, అధికారం ఉన్న అధికారి చేసిన సోదాకే ఇది వర్తిస్తుంది. అక్కడ తప్పటడుగు పడితే దొరికిన పేకకట్ట ఉత్త పేకకట్టే.

పైగా కోర్టు అలా భావించినా అదే తుదిమాట కాదు, తప్పని నిందితులు చూపవచ్చు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసే ఇందుకు సాక్ష్యం. పాత హైదరాబాద్ జూద చట్టం కింద పెట్టిన ఆ కేసులో పేక దొరికింది, పందెం డబ్బు దొరికింది, లెక్కల పుస్తకమూ దొరికింది. అయినా 1967లో సుప్రీంకోర్టు నిందితుల పక్షానే తీర్పు చెప్పింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది. ఆడేవాళ్ల దగ్గర క్లబ్ కొంత రుసుము తీసుకున్నంత మాత్రాన లాభం కోసం నడిపినట్టు కాదంది. నిర్వాహకులు ఆ ఆట మీద లాభం గడిస్తున్నారని రుజువైతే మాత్రం నేరం నిలుస్తుందని కూడా చెప్పింది. ఆ తరువాత చట్టాలు మారాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ సవరణలు తెచ్చి ఆన్‌లైన్ ఆటలనూ నిషేధం కిందికి తెచ్చాయి. లాభం ఎవరికి చేరింది అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

దర్యాప్తు బలహీనపడుతున్నది అక్కడే. దాడిలో దొరికేది ఆడేవాళ్లు. ఆటో నడిపేవాళ్లు, మేస్త్రీలు, అప్పు చేసి వచ్చిన చిన్న రైతులు. బోర్డు పెట్టి ఆటాటకూ కమీషన్ తీసుకునే మనిషి చాలాసార్లు ఆ గదిలోనే ఉండడు. అతణ్ని పట్టించే సాక్ష్యం బల్ల మీది నోట్లలో లేదు. ఫామ్‌హౌస్ అద్దె ఎవరు కట్టారు? మందూ భోజనాలూ ఎవరి ఖాతాలోంచి వచ్చాయి? ఒకే ఫోన్‌పే నంబరుకు ఇరవై మంది ఎందుకు డబ్బు పంపారు? ఎంతెంత కోత పడిందో రాసిన కాగితం ఎవరి చేతిరాత? ఇవి తేల్చడానికి ఒక్క రాత్రి చాలదు, వారాలు పడుతుంది. అంత ఓపిక పెట్టకుండా నోట్లు లెక్కపెట్టి ప్రెస్‌మీట్‌తో ముగించడం మాకు సమ్మతం కాదు.

ఫోన్ చాట్లు, సీసీ కెమెరా దృశ్యాలు పనికిరావాలంటే పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకు అడిగే ధ్రువపత్రం ఉండాలి. అది లేక మంచి సాక్ష్యం కూడా వృథా అయ్యే ప్రమాదం ఉంది. కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జులై 1 నుంచి సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయడం తప్పనిసరి. ఇది ఇద్దరికీ మేలే. పంచనామాకు సాక్షిగా ఉన్న మధ్యవర్తి రేపు కోర్టులో ఎదురు తిరిగినా పోలీసులకు వీడియో మిగులుతుంది. పండుగపూట బంధువులతో సరదాగా ముక్కలు వేసుకున్న కుటుంబానికి అదే రక్షణ కూడా. నోట్లు ఎవరి జేబులోంచి తీశారో, ఎవరి ముందు దొరికాయో అందులో కనబడుతుంది.

ప్రతి కేసులోనూ చార్జిషీటు వేసేముందు పైఅధికారి ఒకరు పంచనామా, వీడియో, ధ్రువపత్రం చూసి సంతకం చేసే పద్ధతి పెట్టాలని రెండు రాష్ట్రాల పోలీసు శాఖలను కోరుతున్నాం. లాభం ఎవరికి చేరిందో ఆ కాగితాల్లో లేకపోతే, ఆయన ఆ ఫైలును వెనక్కి పంపాలి.