పిల్లల షుగర్‌కు తల్లిని తప్పు పట్టకండి

సెలవులకు ఊరెళ్లినప్పుడల్లా మన ప్రవాస సంఘాలవాళ్లం నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వైద్య శిబిరాలు పెడుతున్నాం. పెద్దవాళ్లకు బీపీ, షుగర్ చూసి మాత్రలిస్తున్నాం. మంచి పనే. కానీ ఆ వరుసలో పిల్లలుండరు. ఇకనుంచి శిబిరాల డబ్బులో సగమైనా టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల కోసం పక్కన పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఈ జబ్బు, పెద్దల షుగర్ ఒకటి కాదు. రోగాల నుంచి కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద పడుతుంది. ఆ వ్యవస్థలోని టి కణాలనే తెల్ల రక్తకణాలు అక్కడ గుమిగూడి, వాపు పుట్టించి, నెలలు, ఏళ్ల తరబడి వాటిని చంపుకుంటూ పోతాయి. బయటికేమీ తెలియదు. చాలా కణాలు పోయాకే విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బక్కచిక్కిపోవడం మొదలవుతాయి. పక్క తడపడం ఎప్పుడో మానేసిన బిడ్డ మళ్లీ తడుపుతుంది. ఇందులో మిఠాయిల తప్పు లేదు, పెంపకం తప్పు అసలే లేదు. అయినా దేవరకొండ వైపు మా చుట్టాల పాపకు షుగరని తేలితే, వచ్చినవాళ్లంతా తల్లినే నిలదీశారు, "గన్ని చాక్లెట్లు ఎందుకు పెట్టినవ్?" అని. ఆమె తలెత్తలేదు.

ఇన్సులిన్ అందక ముదిరితే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. అజీర్తి అనుకుని, షుగర్ చూడకుండానే గ్లూకోజ్ ఎక్కిస్తే బిడ్డ ప్రాణం మీదికొస్తుంది. అంతకుముందు వేలి కొస నుంచి ఒక్క చుక్క రక్తం, ఒక్క స్ట్రిప్పు చాలు. ప్రతి ఊరి ఆర్‌ఎంపీ దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర గ్లూకోమీటర్ ఉండాలనేది అందుకే.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఆ తర్వాతి కాలం. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, మిగిలిన బీటా కణాలు కాస్త తేరుకుని డోసు బాగా తగ్గవచ్చు. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. సరిగ్గా అప్పుడే ఎవరో పసరు మందు పోస్తారు. పసరుతోనే తగ్గిందని ఇంట్లోవాళ్లు సంబరపడి సూది ఆపేస్తారు. లోపల దాడి మాత్రం ఆగదు. ఈ సంగతి మొదటి రోజే, తల్లిదండ్రులతో పాటు అవ్వాతాతలకూ కూర్చోబెట్టి చెప్పాలి. ఇంట్లో నాటుమందు మాట ఎత్తేది ఎక్కువగా వాళ్లే, అదీ ప్రేమతోనే.

1922లో టొరంటోలో మొట్టమొదటిసారి షుగర్ ఉన్న 14 ఏళ్ల కుర్రాడికి ఇన్సులిన్ ఇచ్చారు. నూరేళ్లు దాటింది. 2022లో, లక్షణాలు బయటపడక ముందే రోగనిరోధక దాడిని నెమ్మదింపజేసి జబ్బును సగటున రెండేళ్లు వెనక్కి నెట్టే టెప్లిజుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. మనం ఆ వార్త చదువుకుంటున్నాం. అక్కడ పాలమూరు నుంచి ముంబై, పుణెకు పనికెళ్లే తల్లి ఇన్సులిన్ సీసా ఎక్కడ దాచాలా అని టెన్షన్ పడుతోంది. వాడని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. నల్లగొండ ఎండలు 40 దాటుతాయి. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక మధ్య పెట్టిన మట్టికుండ కొంత కాపాడుతుంది, అదీ నేర్పేవాళ్లుంటే.

ఒక్కరోజు శిబిరంతో ఇది తీరదు. స్ట్రిప్పులు, సూదులు ఏడాది పొడవునా నెలనెలా అందాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లోని పిల్లల డాక్టర్లతో మాట్లాడి, ఎంతమందికి ఏమేం కావాలో లెక్క తీయడానికి మనలో ఇద్దరు ముగ్గురు ముందుకు రావాలి.