పసుపు దీపానికీ మూడు హెచ్చరికలు ఉండాలి

గోదావరి జిల్లాల్లో మనశ్శాంతికి ముప్పు తెస్తున్నవాటిలో కారు డ్యాష్‌బోర్డు మీది పసుపు దీపం ఒకటి. గుర్రపునాడా బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. టైర్లో గాలి తగ్గిందిట. తగ్గితే తగ్గింది, చెప్పడానికి ఓ పద్ధతుండక్కర్లేదా?

మనకి హెచ్చరికలు కొత్తా? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్ళు 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికి గట్టుకి ఇవతల ఊళ్ళోవాళ్ళం కాఫీ తాగుతాం. రెండోదానికి ఏటిగట్టెక్కి ఫోటోలు దిగుతాం. మూడోదానికి లంకల్లో మనకి బంధువులున్న సంగతి గుర్తొస్తుంది. అంత గోదారే విడతలవారీగా చెప్పి వస్తుంటే, ఈ దీపం ఒకేసారి వెలిగి ఊరుకుంటుంది. ఇలాగైతే ఎప్పుడు పట్టించుకోవాలో జనానికి ఎలా తెలుస్తుంది?

అమెరికాలో 2007 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. అక్కడి నిబంధన ప్రకారం ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలి. 33 పాయింట్లు (పీఎస్ఐ) ఉండాల్సిన చోట దగ్గరదగ్గర 25. అంటే వెలిగేటప్పటికే మన లెక్కలో రెండో హెచ్చరిక దాటేసిందన్నమాట. ఈ ముక్క బయటికి పొక్కితే జనం కంగారుపడతారు, మనలోనే ఉంచుకుందాం.

సంక్రాంతికి మరీ ఘోరం. భోగినాడు తెల్లవారగట్ల చలికి హైదరాబాద్ అల్లుడిగారి కార్లో దీపం వెలుగుతుంది. అయిదారు డిగ్రీల చలికి ఓ పాయింటు గాలి తగ్గడం ప్రకృతి ధర్మం. బావమరిది వచ్చి టైరుని కాలితో ఓ తన్ను తన్ని, "బానే ఉందండి బావగారూ" అని ధ్రువీకరిస్తాడు. రేడియల్ టైరు పావువంతు తగ్గినా చూపుకి నిండుగానే ఉంటుందని పాపం ఆ కాలికేం తెలుసు? ఎండెక్కాక దీపం దానంతటదే ఆరిపోతుంది. "చూశారా, నే చెప్పలా?"

ఒకవేళ పంచరు షాపుకి వెళ్ళినా అక్కడా న్యాయం దొరకదు. ఎంత గాలి కొట్టాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న కారు స్తంభం మీద అంటించే ఉంటుంది. దాన్ని చదవడం ఆ వృత్తికి అవమానం. "ఎండలండి, రెండు తక్కువ కొడతానండి. దీపమంటారా, అది సెన్సారు కంప్లైంటండి. ఆయ్!" కంప్లైంటయితే దీపం ముందు నిమిషంపాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలుగుతుంది. కానీ బండి స్టార్టు చేశాక మన ఊళ్ళో నిమిషంపాటు డ్యాష్‌బోర్డు చూసే తీరిక ఎవరికుంది? వీధరుగు మీదున్నవాళ్ళందరికీ వెళ్ళొస్తామని చెప్పాలా వద్దా?

కేంద్రం మాత్రం మన మనసెరిగింది. ఈ సెన్సార్లు, ట్యూబ్‌లెస్ టైర్లు, పంచరు కిట్టూ ఉన్న కార్లకి స్టెప్నీ అక్కర్లేదని 2020లో సడలించింది. ఆ గోతిలో ఎన్ని కొబ్బరికాయలు పడతాయో కోనసీమలో పిల్లాడైనా చెబుతాడు. వాటి మీద బియ్యం బస్తా, పైన ఆత్రేయపురం పూతరేకులు, వెనక సీట్లో అయిదుగురు. టైర్లకి ఆమాత్రం బరువు లెక్కా?

కాబట్టి కార్ల కంపెనీలకి మా విన్నపం: గోదావరి జిల్లాల్లో అమ్మే బళ్ళకి దీపాన్ని మూడు మెట్లుగా పెట్టండి. మొదటి మెట్టుకి బావమరిదిని పిలుస్తాం. రెండోదానికి పంచరు షాపు ఎక్కడుందో అడుగుతాం. మూడోది ఎలాగూ రావులపాలెం దాటాకే వస్తుంది. అది వచ్చేలోగా గుమ్మంలోంచి మావయ్యగారు ఎలాగూ అంటారు: "ఇంకా రెండోదే కదా అల్లుడుగారూ, భోంచేసి బయల్దేరుదురు గానీ!"