కలపడం మన వంతు, ఏరడం కెమెరా వంతు

ఖాళీ సీసా ఒక డబ్బాలో, పగిలిన పింగాణీ కప్పు ఇంకో డబ్బాలో వేయమంటే మనకు తీరిక లేదు. తీరిక లేనివాళ్ల కోసం ఇంజినీర్లు తీరిగ్గా కూర్చుని, పాత గాజును కరిగించి కొత్త సీసాలు చేసేముందు అందులో చెత్త ఏరే యంత్రానికి చూపు తెప్పించారు.

ఆ చూపు సంగతి చెప్పాలి. గాజు పెంకులు పలచటి తెరలా కిందికి జారుతుంటాయి. వెనక లైటు, ముందు కెమెరా. వెలుతురు దూరి వచ్చిందా, గాజు. రాలేదా, రాయో పింగాణీయో మూతో. ముక్క ఇంకా గాల్లో ఉండగానే సన్నటి గొట్టంలోంచి గాలి ఫట్‌మని కొట్టి దాన్ని పక్క తొట్టిలో పడేస్తుంది. అంతా రెప్పపాటులోనే. డబ్బాలో వేసేటప్పుడు మనం రెప్ప కూడా వాల్చలేదు, అసలు చూస్తే కదా!

ఇంత హడావిడి దేనికంటే, సుమారు 1500 డిగ్రీల కొలిమిలో సీసా గాజు కరుగుతుంది, పింగాణీ కరగదు. కొత్త సీసా గోడలో రాయిలా కూర్చుంటుంది, సీసా అక్కడే పగులుతుంది. పచ్చ పెంకులు తెల్లవాటిలో పడ్డాయా, పుట్టే సీసా తెలుపూ కాదు, పచ్చా కాదు. అదే శుభ్రమైన పెంకుల వాటా 10 శాతం పెరిగితే కొలిమి ఖర్చుచేసే శక్తి రెండున్నర నుంచి 3 శాతం దాకా తగ్గుతుంది.

కెమెరా మీద నాకు ఒకటే ఫిర్యాదు: దానికి పైమెరుగుల పిచ్చి. లేబుల్ ఊడని నిఖార్సైన గాజును రాయనుకుని తన్నేస్తుంది. వేడికి తట్టుకునే గాజు గిన్నె ముక్క మాత్రం తళతళలాడుతూ దర్జాగా లోపలికి పోతుంది, కొలిమిలో పడ్డాక గానీ దాని మొండితనం బయటపడదు. దాన్ని పట్టడానికి అతినీలలోహిత కాంతి, సీసం కలిసిన గాజు సీసాలో చేరకుండా ఎక్స్‌రే. మరీ చిన్న ముక్కలు ఎవరికీ చిక్కవు. కాబట్టి సీసాను ఎత్తు నుంచి విసిరి నుగ్గు చేయడం మన ధర్మం, లేకపోతే యంత్రానికి గర్వం తలకెక్కుతుంది.

కొందరు ఛాందసులు ఇంట్లోనే వేరుచేయమంటారు. రేపు ఇన్ని కెమెరాలు పనిలేక రోడ్డున పడితే వాళ్లు అన్నం పెడతారా?

మా పక్కింటాయన ఇంకా ఘనుడు. ఆ కెమెరాను, గాలి గొట్టాన్ని చెత్తడబ్బా మూతకే బిగించాలట. తప్పుడు వస్తువు వేస్తే ఫట్‌మని మన మొహానే కొడుతుందట. ఇది వ్యక్తి స్వేచ్ఛ మీద దాడి అని నేను తీవ్రంగా ఖండించాను. ఖండిస్తూ, పిడి ఊడిన కప్పును వీపు వెనక్కి దాచుకున్నాను.