సవరణ: 1973 నిధుల నిషేధంతో ఆగినవి కంబోడియాపై బాంబు దాడులు

"అమెరికా కాంగ్రెస్ 1973లో డబ్బు ఆపేసి వియత్నాం నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పించింది" అని ముందటి పోస్టులో రాశాను. అది తప్పు. వియత్నాం యుద్ధాన్ని ముగించేందుకు కుదిరిన పారిస్ ఒప్పందం ప్రకారం చివరి పోరాట దళాలు ఆ ఏడాది మార్చి 29కే వియత్నాం వదిలాయి. నిధులు ఆపడంతో ఆగినవి కంబోడియాపై వైమానిక దాడులు, అదీ ఆగస్టు 15న.

చట్టం పాఠం, సభ ఓటింగు రికార్డుల ప్రకారం జరిగింది ఇదీ. అనుబంధ నిధుల బిల్లులోనే (బడ్జెట్‌కు అదనంగా డబ్బు ఇచ్చే బిల్లు) కాంగ్రెస్ బాంబు దాడుల నిషేధం చేర్చింది. జూన్ 27న అధ్యక్షుడు నిక్సన్ దాన్ని వీటో చేశారు (తిరస్కరించారు). ఆ వీటోను తోసిపుచ్చడానికి ప్రతినిధుల సభలో 241-173 ఓట్లు వచ్చాయి, అందుకు కావాల్సిన మూడింట రెండొంతులకు 35 తక్కువ. కానీ అప్పట్లో ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగిసేది. కొత్త నిధుల బిల్లు లేకుండా ప్రభుత్వం నడవదు. ఆ ఒత్తిడిలోనే ఆగస్టు 15 గడువుకు రాజీ కుదిరి, జులై 1న సంతకమైంది.

అసలు పట్టంతా నిబంధన రాసిన తీరులో ఉంది. ఈ చట్టం ఇచ్చే డబ్బే కాదు, అంతకుముందు కేటాయించిన డబ్బు కూడా వాడకూడదు. ఆ ఒక్క మాట లేకుంటే పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) పాత పద్దుల్లో మిగిలిన నిధులతో దాడులు సాగించగలిగేది. నేల మీద పోరాటంతోపాటు గగనతలం నుంచి, తీరానికి దూరంగా సముద్రం నుంచి జరిపే దాడులనూ అందులో చేర్చారు. నిషేధం అమెరికా బలగాల పోరాటానికే; మిత్ర ప్రభుత్వాలకు ఇచ్చే ఆయుధ సాయం దాని కిందికి రాలేదు.