కాళ్లకు నీరొస్తే ఉప్పు మానెయ్యాలా?

పోయిన వేసవిలో కావలిలో మా పెదనాన్న ఇంటికి వెళ్లాను. వదినకు ఏడో నెల. అన్నం కలుపుకుంటూ మాగాయ జాడీ వైపు చెయ్యి చాచింది. "కాళ్లు ఎట్టా పొంగినయ్యో చూడు, ఉప్పు ముట్టొద్దని చెప్పలా?" అంటూ పెద్దమ్మ జాడీ లాగేసుకుంది. "ఒక్క ముక్కే గదత్తా, నోరు చవి చచ్చిపోయింది" అంది వదిన. జాడీ అలమారలోకి పోయింది. సాయంత్రం అదే పెద్దమ్మ, పాపం పిల్లకు ఆకలేస్తుందని గిన్నె నిండా కారప్పూస పోసి ఇచ్చింది.

కంటికి కనబడే ఉప్పుకు కాపలా కాస్తాం, కనబడనిదాన్ని ప్రేమగా వడ్డిస్తాం. అసలు ఆ కాళ్ల వాపుకు ఉప్పే కారణమని ఎవరు తేల్చారు? కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో నీటి భాగం దాదాపు సగం పెరుగుతుంది. బరువెక్కిన గర్భసంచి కాళ్ల నుంచి పైకెళ్లే రక్తనాళాలను నొక్కుతుంది. పొద్దుగూకేసరికి పాదాలు పొంగి, తెల్లారేసరికి తగ్గితే చాలావరకు మామూలే. మొహం, చేతులు ఉబ్బినా, వదలని తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బుకు ఇవి గుర్తులు. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడేది అది ముదిరి ఫిట్స్ వచ్చే రూపానికే.

ఉప్పు మానేస్తే ఆ గండం తప్పుతుందన్నది పాత నమ్మకం. అందుకోసమని గర్భిణులకు ఉప్పు తగ్గించాల్సిన పనిలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. కాల్షియం తక్కువగా తినే ప్రాంతాల్లో రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల కాల్షియం ఇమ్మంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మూడు నెలలు దాటాక కాల్షియం మాత్రలు చేతిలో పెట్టడానికి ఇదీ ఒక కారణం. జాడీ మీద ఉన్న నిఘా ఆ మాత్రల డబ్బా మీద ఏ ఇంట్లోనూ కనబడదు. వదిన డబ్బా టీవీ వెనక ఉంది, సీలు కూడా తియ్యలేదు.

అలాగని ఊరగాయతోనే అన్నం తినమని కాదు. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు ఉప్పు, పెద్దవాళ్లందరికీ పెట్టిన గీత. గర్భిణి కూడా అందులోనే ఉంటుంది. మన నెల్లూరు తిండిలో ఆ గీత టిఫిన్ల దగ్గరే చెరిగిపోతుంది. కారం దోసె మీది ఎర్రకారం, మధ్యాహ్నం అప్పడం, మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ, రాత్రికి ఎండు చేప. ప్యాకెట్ల సంగతి లేబులే చెబుతుంది: సోడియం 800 మిల్లీగ్రాములని ఉంటే 2.5తో గుణించండి, 2 గ్రాముల ఉప్పు తేలుతుంది.

ఉప్పగా తినాలనిపించడం తప్పేమీ కాదు. వేవిళ్లతో నెలల తరబడి నోరు చేదెక్కిన మనిషికి చప్పిడి కూడు పెడితే ఆమె మానేసేది ఉప్పును కాదు, అన్నాన్ని. నోటికి కావలసింది చాలాసార్లు పులుపుతోనే తీరుతుంది. మామిడికాయ వేసిన చేపల పులుసులో ఉప్పు కాస్త తగ్గినా నాలుకకు తెలియదు. పొదలకూరు నిమ్మకాయ పిండితే పప్పుకూ అంతే. ఎండు చేపను వేడినీళ్లలో నానేసి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి నానేసి వండితే కూరలో విడిగా ఉప్పు వెయ్యక్కర్లేదు. మా అమ్మ ఎప్పుడూ అలాగే చేసేది, బీపీ కోసం కాదు, నీచు వాసన పోవాలని. కోరిక బియ్యం, బలపం, మట్టి మీదికి మళ్లితే మాత్రం రక్తం పరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ 11 లోపుంటే రక్తహీనతే. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి మింగకూడదు, టీతో అసలే వద్దు.

ఇంకో మాట. ఇసకపల్లి ఉప్పు కొటార్ల వైపు నుంచి కల్లుప్పు మూటలు తెచ్చుకునే ఇళ్లు మనలో ఉన్నాయి. ఊరగాయకు అదే బాగుంటుందంటారు, నిజమే. కానీ అందులో అయోడిన్ కలపరు. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, లోపలి బిడ్డ మెదడు ఎదగాలంటే. కూరల్లోకైనా అయోడిన్ ఉప్పే వాడాలి.

నా కోపం పెద్దమ్మ మీద కాదు. వదిన నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్తే, "ఉప్పు తగ్గించమ్మా" అని నాలుగుసార్లూ చెప్పి పంపారు. కార్డులో బీపీ రాసింది మాత్రం రెండుసార్లే. ఉప్పు మానమనడానికి ఖర్చుండదు, చేతికి పట్టీ కట్టి చూడ్డానికి రెండు నిమిషాలు పడుతుంది. 140/90 దాటిందో లేదో చెప్పేది ఆ పట్టీ, పాదాలు కాదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు పెట్టిందే ఇందుకు. అడిగి మరీ చూపించుకోవాలి.

ఆ ఇంట్లో నిజంగా బీపీ ఉన్నది పెదనాన్నకు, పదేళ్లుగా మాత్రలు వాడుతున్నాడు. పగలు అలమారలోకి పోయిన మాగాయ జాడీ రాత్రి ఆయన కంచం పక్కన ప్రత్యక్షమైంది. పెద్దమ్మే తెచ్చి పెట్టింది.