ఆఖరి సంతకానికే గిరాకీ

వాతావరణ ఒప్పందాల్లో చేరని దేశాలను ఆడిపోసుకోవడం మనకు అలవాటైపోయింది. అర్థశాస్త్రం ఓనమాలు రానివాళ్లు చేసే పని ఇది. చేరినవాడికి బిల్లు వస్తుంది, చేరనివాడికీ అదే గాలి వస్తుంది. ఇంత తేటతెల్లమైన లెక్క కళ్లముందుండగా సంజాయిషీ అడగాల్సింది చేరినవాళ్లనే.

అమెరికా ఈ లెక్క ముందే వేసుకుంది. సంపన్న దేశాలు తమ పొగ తగ్గించుకోవాలనే క్యోటో ఒప్పందం 1997 డిసెంబరులో కుదిరితే, ఆ ఏడాది జులైలోనే వర్ధమాన దేశాలకు కోతలు పెట్టని ఒప్పందం మనకొద్దని అమెరికా సెనేట్ 95–0తో తీర్మానించింది. మర్యాద కోసం 1998లో సంతకమైతే పెట్టారు గానీ, ఆ కాగితం సెనేట్ గడప తొక్కలేదు. 2001లో అధ్యక్షుడు బుష్ గారు ఆ మర్యాద కూడా వదిలేశారు.

చేరకపోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఆఖర్న చేరడంలో ఉంది అసలు విద్య. ఒప్పందం అమల్లోకి రావాలంటే, సంపన్న దేశాల 1990 నాటి కార్బన్ డయాక్సైడ్‌లో 55 శాతానికి బాధ్యులైనవాళ్లు ఆమోదించాలి. అందులో అమెరికా వాటాయే 36 శాతం. అది లేచిపోగానే, 17 శాతం చేతిలో ఉన్న రష్యా హంగ్ అసెంబ్లీలో ఇండిపెండెంట్ ఎమ్మెల్యే అయింది.

రష్యాకు పెట్టిన షరతేమిటి? 1990 స్థాయి దాటకూడదు, అంతే. సోవియట్ యూనియన్ కూలాక ఫ్యాక్టరీలు మూతపడి పొగ దానంతటదే తగ్గిపోయింది. ఆ రాని పొగను, అంటే వాడుకోని కోటాను, హద్దు దాటిన దేశాలకు అమ్ముకోవచ్చు! పెద్ద కొనుగోలుదారు అమెరికాయే తప్పుకోవడంతో పొగ ధర పడిపోయింది, సంతకం ధర పెరిగింది. 2004 మేలో ప్రపంచ వాణిజ్య సంస్థలో రష్యా ప్రవేశానికి ఐరోపా సమాఖ్య ఊ కొట్టింది. నవంబరులో రష్యా క్యోటోకు ఊ కొట్టింది. (పాపం, ఆ సభ్యత్వం చేతికొచ్చేసరికి 2012 అయింది.)

కెనడాది మరో పద్ధతి. బుద్ధిగా చేరింది, 1990 స్థాయి కంటే 6 శాతం తగ్గిస్తానంది, పెంచింది. ఇతరుల కోటా కొని ఆ లోటు పూడ్చాలంటే సుమారు 1,400 కోట్ల డాలర్లవుతుందని పర్యావరణ మంత్రి లెక్క తేల్చారు. తప్పుకోవడానికైన ఖర్చు? ఒక నోటీసు. ఒప్పందం మొదటి విడత గడువు 2012 డిసెంబరు 31 అయితే, ఆ నెల 15వ తేదీనే కెనడా బయటపడింది.

ఉండి గురి తప్పినవాళ్లకు శిక్ష లేకపోలేదు: ఆ లోటు మీద 30 శాతం కలిపి రెండో విడతలో తగ్గించాల్సి ఉండేది. రెండో విడతలో చేరడం మాత్రం ఎవరిష్టం వాళ్లదే.