డ్రైవ్ అంటే తోలడమే కదండీ

కార్లకు సంబంధించిన మాటల గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది గానీ, ‘డ్రైవ్’ అనే మాట కార్లతోపాటే పుట్టిందన్నట్టు రాశారు. అక్కడ మాత్రం ఒప్పుకోలేను. కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి పేటెంటు అడిగింది 1886లో. ఇంగ్లీషువాళ్లు అంతకు వెయ్యేళ్ల ముందే డ్రైవ్ చేసేవారు, కాకపోతే పశువుల్ని. వెనకనుంచి అదిలించి ముందుకు నడిపించడమే ఆ మాటకు పాత అర్థం. అది తర్వాత బండికి కట్టిన గుర్రాలకు, గుర్రాలు పోయాక ఇంజనుకు అంటుకుంది.

మన తోలడం కూడా అచ్చం ఇదే దారిలో వచ్చింది. మాది తెనాలి దగ్గర పల్లె. మా తాతయ్య పొద్దున్నే గేదెల్ని కాలవకు తోలేవాడు, ఎండాకాలం ఎడ్లబండి తోలేవాడు, మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఈగలూ తోలేవాడు. మొన్న విజయవాడ ఆటోనగర్‌లో మా కారుకు బ్రేకులు సరిచేసిన మెకానిక్ తాళాలు నా చేతిలో పెట్టి, ‘ఓ రౌండు తోలి చూడన్నా’ అన్నాడు. పక్కనున్న మా అబ్బాయి ఫక్కున నవ్వాడు, ఇదేమన్నా గేదా అని! వాడు గొప్పగా చెప్పుకునే డ్రైవింగు కూడా మందల వెనక నుంచి వచ్చిందే మరి.

అన్నట్టు, డ్యాష్‌బోర్డు సంగతి వదిలేశారు. గుర్రాల గిట్టలు చిమ్మే బురద తోలేవాడి మీద పడకుండా బండి ముందు అడ్డంగా బిగించిన పలక అది. మా కారులో ఇప్పుడు దానిమీద కనకదుర్గమ్మ బొమ్మ, రెండు టోల్ రసీదులు ఉన్నాయి.